గోడ పట్టు

ఇంటి కప్పును మోయుటతో గోడల పని ముగియదు. గడియారము, పటము, అద్దము, పుస్తకముల అర, బట్టల కొక్కెము మొదలగు వస్తువులెన్నో గోడనే ఆధారము చేసికొని నిలుచును. గోడకు కొట్టిన మేకు చిన్నదే కాని, అది మోయు బరువు చిన్నది కాకపోవచ్చును. మేకు ఊడినపుడు పటము పగులుట యొక్కటే నష్టము కాదు. అర క్రింద కూర్చుండి చదువుకొను బాలుని తలపై పుస్తకములు పడవచ్చును. ఊయల ప్రక్కన తగిలించిన అద్దము పసిబిడ్డపై పడవచ్చును. కావున గోడలోని రంధ్రము చెడినపుడు దానిని బాగుచేయు విధమును ప్రతి గృహస్థుడును తెలిసికొనదగును. అందులోని కారణములను గ్రహించినచో పని సులభమగును.

పూర్వము తెలుగు పల్లెలలో వస్తువులు తగిలించుటకు చిలుకకొయ్యలు ఉండెడివి. కొయ్య ముందుభాగమును చిలుక ఆకారముగా చెక్కెడివారు. వెనుకభాగము గోడ దళసరిలోనికి చొచ్చుకొని యుండెడిది. గోడ కట్టునపుడే కొయ్యను అందులో ఇమిడ్చి, దాని చుట్టును మన్నుగాని, ఇటుకలుగాని పేర్చెడివారు. పైగోడ బరువు కొయ్యను అదిమి పట్టెడిది. అందువలన తలపాగ, ఉత్తరీయము, గొడుగు, సంచి అన్నియు ఒక్కదానికే తగిలించినను అది కదలకుండెడిది. ఆ బలమంతయు కొయ్యలోనే కలదని తలపరాదు. కొయ్యను నలువైపుల పట్టుకొన్న గోడలోనే ఆ బలము కలదు. ఈ విషయమును మరువనివారికి తక్కిన దంతయు తేలికగా బోధపడును.

గోడ కట్టిన తరువాత అందులో మేకు నిలుపవలసివచ్చినపుడు సమస్య మొదలగును. ఇటుక పెళుసైనది, దానిలో మేకు కొట్టినచో అది పగులును. అందుచే పాశ్చాత్య దేశములలో పనివారు ఇటుకల నడుమనుండు సున్నపు అతుకులను ఉలితో తొలిచి, మెత్తని కొయ్యముక్కను దిగగొట్టి, ఆ కొయ్యలో మేకును బిగించెడివారు. ఈ పనికి గోడ ఎక్కువగా చెడిపోయెడిది. లండను నగరములో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అను పనివాడు బ్రిటిషు మ్యూజియము గోడలను చెడగొట్టకుండ విద్యుత్పరికరములను బిగించవలసి వచ్చినపుడు ఒక ఉపాయమును కనుగొనెను. రంధ్రములో ఇమిడి, మరమేకు లోనికి పోయినకొలది వ్యాకోచించు చిన్న గొట్టమే ఆ ఉపాయము. దాని హక్కు కొరకు అతడు 1911వ సంవత్సరమున దరఖాస్తు చేసికొనెను. ఆ గొట్టములను జనపనారతో చేసి జిగురుతో గట్టిపరచెడివారు. అటుపిమ్మట 1958లో జర్మనీ దేశస్థుడు ఆర్టూర్ ఫిషర్ నైలానుతో ప్లగ్గును చేసెను. నేడు గోడలలో కనబడు ప్లాస్టిక్ ప్లగ్గులు ఈ జాతివే.

ప్లగ్గు పనిచేయు విధము సులభము. రంధ్రములో ప్లగ్గును దూర్చి, దానిలో స్క్రూ అను మరమేకును త్రిప్పుదురు. మరమేకు లోనికి పోవుచు ప్లగ్గు రెక్కలను విప్పును. ఆ రెక్కలు రంధ్రపు గోడలను బలముగా ఒత్తును. ఒత్తిడి ఎక్కువైనకొలది ఒరపిడి ఎక్కువగును. ఆ ఒరపిడియే మేకును బయటికి రానీయక పట్టి ఉంచును. రంధ్రపు గోడ గట్టిగా నున్నచో ఒత్తిడికి ఎదురొత్తిడి కలుగును. రంధ్రపు గోడ పొడిపొడిగా నున్నచో ప్లగ్గు ఎంత విప్పుకొన్నను ఆ పొడిని నలుపునే కాని పట్టు దొరకించుకొనదు. ఇసుకలో దిగబడిన బండిచక్రము ఎంత తిరిగినను బండి ముందునకు సాగదు. ఇదియు అట్టిదే. అట్టి రంధ్రములో మరమేకు ఊరక తిరుగుచుండును. వ్రేలితో లాగినను బయటికి వచ్చును.

గోడ పొడియగుటకు కారణములు పెక్కు కలవు. మొదటిది పూతలో ఇసుక ఎక్కువై సిమెంటు తక్కువగుట. రెండవది పూత పూసిన తరువాత చాలినన్ని దినములు నీటితో తడుపకపోవుట. మూడవది చెమ్మ. నేలలోని నీరు ఇటుకలలోని సన్నని రంధ్రములద్వారా గోడలోనికి ప్రాకును. వత్తి కొనకు నూనె ఎగబ్రాకుటయు ఇట్టిదే. ఆ నీటిలో నేలయందలి లవణములు కరిగియుండును. గోడపైభాగమున నీరు ఆవిరియైపోయి ఉప్పు మాత్రము మిగులును. ఆ ఉప్పు పలుకులు పూతలోని సందులలో పెరిగి దానిని లోపలినుండి చీల్చును. చవుడు పట్టిన గోడ చేతితో తాకగనే రాలుట కిదియే కారణము. నాలుగవది తుప్పు. ఇనుము తుప్పుపట్టినపుడు మునుపటికంటె ఎక్కువ చోటును ఆక్రమించును. పాత మేకు తుప్పుతో ఉబ్బి తన చుట్టునున్న పూతను తానే పగులగొట్టును. ఐదవది పనివాని తొందరపాటు. మెత్తని ఇటుకలో సుత్తిదెబ్బ కొట్టు డ్రిల్లింగు యంత్రమును వాడినచో రంధ్రము గుండ్రముగా రాక చుట్టును చితికిపోవును.

చెడిన రంధ్రమును చూచి చాలమంది సులభోపాయముల నాశ్రయింతురు. కొందరు అగ్గిపుల్లలను, కొందరు కాగితపు ఉండలను రంధ్రములో కుక్కుదురు. అగ్గిపుల్ల మెత్తని కొయ్య. బరువు పడగనే నలిగిపోవును. కాగితము చెమ్మతగిలి మెత్తబడును. మరికొందరు ముందటికంటె పెద్ద మేకును కొట్టుదురు. అది రంధ్రమును మరింత పెద్దది చేసి చుట్టునున్న గోడను కూడ కదలించును. కొందరు రంధ్రపు మూతిపై సిమెంటు మెత్తి, మరునాడే మేకు బిగింతురు. లోపలి పొడి అట్లే యుండగా పైనమెత్తిన సిమెంటు మూతవలె నిలుచునే కాని పట్టు నీయదు. ఈ ఉపాయములన్నిటియందును లోపమొక్కటియే. ఖాళీని నింపిరి కాని గోడను బాగుచేయలేదు.

పుచ్చిన పంటిని దంతవైద్యుడు బాగుచేయు పద్ధతిని పరిశీలించినచో సరియైన మార్గము తెలియును. అతడు పుచ్చును పైపైన కప్పివేయడు. మొదట చెడిన భాగమునంతయు తొలగించి, గట్టి పంటివరకు పోవును. అటుపిమ్మట ఆ గుంతను శుభ్రపరచి, గట్టి పదార్థముతో నింపును. గోడకును ఇదే చికిత్స కావలెను. రంధ్రము పెద్దదగునని జంకి రాలుచున్న భాగమును విడిచిపెట్టరాదు. చిన్న రంధ్రము చుట్టునున్న బలహీనమైన గోడకంటె, గట్టి గోడ నడుమనున్న పెద్ద రంధ్రమే మేలు.

పని ప్రారంభించుటకు ముందు కండ్లకు రక్షణనిచ్చు అద్దములను ధరింపవలెను. సిమెంటు చర్మమునకు హాని చేయును గనుక చేతులకు తొడుగులు వేసికొనవలెను. పెద్దల సమక్షములోనే బాలురు ఈ పనిలో పాల్గొనవలెను. మొదట రంధ్రము చుట్టును వ్రేలి కణుపులతో తట్టి వినవలెను. బోలుగా ధ్వనించు చోట పూత ఇటుకను విడిచినదని అర్థము. గట్టిగా ధ్వనించు చోట పూత అంటుకొనియే యున్నది. తరువాత పాత మేకుతో రంధ్రపు లోపలి గోడను గీకి చూడవలెను. రెండుమూడు గీకులతో పొడి రాలుట ఆగినచో చెడు కొంచెమే. ఎంత గీకినను రాలుచునే యున్నచో గట్టి భాగము దొరకువరకు సన్నని ఉలితో తొలువవలెను.

తొలుచునపుడు గుంత ఆకారమునందు శ్రద్ధ వహింపవలెను. మూతి ఇరుకుగాను, లోపల వెడల్పుగాను ఉండవలెను. చెంబులోనికి చేయి పెట్టి పిడికిలి బిగించినచో ఆ పిడికిలి బయటికి రాదు. అట్లే లోపల వెడల్పైన గుంతలో గట్టిపడిన సిమెంటు, ఎంత లాగినను ఇరుకైన మూతినుండి ఊడిరాదు. మూతి వెడల్పుగాను లోపల ఇరుకుగాను ఉన్న గుంతలో నింపినది గరాటులోని ముద్దవలె జారి వచ్చును. మరియొక విషయము: గోడపై పూత సాధారణముగా ఒకటి రెండు సెంటీమీటర్ల మందమే యుండును. పూతలోనే ఆగిపోయిన ప్లగ్గు నిలువదు. కావున గుంత పూతను దాటి ఇటుకలోనికి పోవలెను.

తరువాత ధూళిని తీసివేయవలెను. ఈ పని అల్పముగా తోచును. కాని పని చెడుటకు ధూళియే తరచు కారణమగును. ధూళి పొర నడుమనున్నచో సిమెంటు గోడకు అంటుకొనక ధూళికి అంటుకొనును. నోటితో ఊదినచో ధూళి కండ్లలో పడును గనుక సైకిలు పంపుతో గాలి కొట్టి, సన్నని కుంచెతో తుడిచి, మరల గాలి కొట్టవలెను. ఆ పిమ్మట గుంతలో నీరు చిలుకరింపవలెను. ఎండిన ఇటుక దాహము గొన్నది. సిమెంటులోని నీటిని అది వెంటనే పీల్చివేయును. సిమెంటు ఎండుటచే గట్టిపడునని పలువురు భావింతురు. అది పొరపాటు. సిమెంటు నీటితో కలిసి రసాయనిక మార్పు చెందుటవలననే గట్టిపడును. నీరు చాలకపోయినచో ఆ మార్పు సగములోనే ఆగి, సిమెంటు మరల పొడియై రాలును. గుంత తడిగా నుండవలెను. కాని నీరు నిలిచియుండరాదు.

సిమెంటు ఒక పాలు, జల్లించిన శుభ్రమైన ఇసుక మూడు పాళ్లు కలిపి కొద్ది కొద్దిగా నీరు పోయవలెను. కలిపినదానిని పిడికిట పట్టి నొక్కినచో ఉండగా నిలువవలెను. వ్రేళ్లసందులనుండి నీరు కారరాదు. సముద్రపు ఇసుక పనికిరాదు. అందలి ఉప్పు ఇనుమును తుప్పుపట్టించును. ఈ పాకమును ఒక్కమారుగా కుక్కక, కొంచెము కొంచెముగా వేసి, మొద్దు కఱ్ఱతో లోపలిమూలలకు పోవునట్లు కూరవలెను. నడుమ గాలి మిగిలినచో ఆ చోటు బోలుగా నుండును. చివరకు తాపీతో మూతిని గోడకు సమముగా చదును చేయవలెను.

ఇక మిగిలినది ఓర్పు. గుంత నింపిన పనివానికి వెంటనే వస్తువును తగిలింపవలెనను ఆతురత సహజము. కాని సిమెంటు తన పనిని తన వేగముతోనే చేయును. మొదటి వారమున అది చాలవరకు బలపడును. ఇరువది యెనిమిది దినములకు తన బలమును దాదాపు పూర్తిగా పొందును. మొదటి ఏడు దినములు తడిగుడ్డ కప్పిగాని, ఉదయసాయంకాలములు నీరు చల్లిగాని దానిని తడిగా నుంచవలెను. తేలిక వస్తువునకు ఏడు దినములు చాలును. బరువైన వస్తువునకు ఇరువది యెనిమిది దినములు ఆగుట మంచిది.

గట్టిపడిన తరువాత గుంత నడుమ రంధ్రము చేయవలెను. డ్రిల్లింగు యంత్రమునకు సుత్తిదెబ్బను ఆపి, త్రిప్పుటతోనే పని జరుపవలెను. మొదట సన్నని మొనతో దారి చేసి, తరువాత ప్లగ్గునకు తగిన మొనను వాడవలెను. ప్లగ్గు 6 మిల్లీమీటర్లదైనచో రంధ్రమును 6 మిల్లీమీటర్లదే కావలెను. వ్రేలితో నెట్టగనే వదులుగా లోనికి పోవు ప్లగ్గు పనికిరాదు. సుత్తితో మెల్లగా తట్టినపుడు పోవునదియే తగినది. చెమ్మగల చోట తుప్పుపట్టని మరమేకును వాడవలెను.

అన్ని గోడలకును ఒకే మందు పనిచేయదు. పాత ఇండ్లలో గానుగ సున్నముతో కట్టిన గోడలు కలవు. ఎద్దులు త్రిప్పు గానుగలో సున్నమును ఇసుకతో కలిపి నూరి ఆ సున్నమును సిద్ధపరచెడివారు. అట్టి గోడ మెత్తగా నుండి చెమ్మను పీల్చుచు విడుచుచుండును. దానిలో కఠినమైన సిమెంటును నింపినచో రెండును కలియక అతుకువద్ద విడిపోవచ్చును. అచ్చట సున్నమునే వాడుట మేలు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి నెమ్మదిగా గట్టిపడును గనుక మరింత ఓర్పు కావలెను. మట్టిగోడలో ప్లగ్గు నిలువదు. అచ్చట బరువును దూలమునకు వ్రేలాడదీయుటయో, గోడకు ఇరువైపుల వెడల్పైన పలకలుంచి బోల్టుతో బిగించుటయో ఉత్తమము. నేడు విరివిగా వాడు తేలిక దిమ్మలు గాలిబుడగలతో నిండియుండును. వానికొరకు ప్రత్యేకముగా చేసిన ప్లగ్గులు అంగళ్లలో దొరకును. బరువైన పనులకు రెండు పదార్థములు కలిపినపుడు గట్టిపడు రసాయనిక జిగురులు కలవు. ఇవి గోడను ఒత్తక, దానికి అంటుకొని పట్టు నిచ్చును. కాని ధూళి నిండిన రంధ్రములో ఈ జిగురులును వ్యర్థమే. చవుడు పట్టిన గోడకు మొదట చెమ్మ వచ్చు మార్గమును మూయవలెను. లేనిచో ఎన్నిమారులు బాగుచేసినను గోడ మరల రాలును.

రంధ్రము గట్టిపడినను, దానిపై పడు బరువును లెక్కింపకుండుట అవివేకము. ఒక పుస్తకముల అరకు గోడపై ఆధారముగా ఒక ఇనుపబద్ద కలదనుకొందము. దాని పైమరమేకునుండి అడుగు కొనవరకు ఎత్తు 20 సెంటీమీటర్లు. గోడనుండి 10 సెంటీమీటర్ల దూరమున 10 కిలోగ్రాముల బరువున్నది. అపుడు పైమరమేకును గోడనుండి బయటికి లాగు బలము, 10ని 10తో గుణించి 20తో భాగించినచో వచ్చును. అనగా 5 కిలోగ్రాముల బరువుతో సమానము. అదే బరువును గోడనుండి 20 సెంటీమీటర్ల దూరమునకు జరిపినచో ఆ లాగుడు 10 కిలోగ్రాములగును. బద్ద ఎత్తును కూడ 10 సెంటీమీటర్లకు తగ్గించినచో అది 20 కిలోగ్రాములగును. పుస్తకము లొక్కటియు పెరుగకయే లాగుడు నాలుగురెట్లయ్యెను. కావున బరువైన పుస్తకములను గోడవైపు జరిపి ఉంచవలెను. పొడవైన బద్దలను ఎన్నుకొనవలెను.

కొన్ని చోట్ల రంధ్రము చేయనేరాదు. స్విచ్చి పలకకు నేరుగా పైనను క్రిందను గోడలోపల విద్యుత్తీగలు ఉండవచ్చును. కొళాయిలకు సూటిగా నీటిగొట్టము లుండవచ్చును. తీగకు మొన తగిలినచో ప్రాణాపాయము కలుగును. పైకప్పునకు వ్రేలాడు ఫ్యాను విషయములో ఇంటివారు స్వయముగా మరమ్మతునకు పూనుకొనరాదు. ఫ్యాను బరువుతోపాటు ఎడతెగని కదలిక కూడ ఆ కొక్కెముపై పడుచుండును. అట్టి కొక్కెమును కప్పులోని ఇనుపకడ్డీలతో పెనవేసి బిగింతురు. దాని చుట్టును కప్పు రాలుచున్నచో ఫ్యానును ఆపి, క్రింద ఎవ్వరిని కూర్చుండనీయక, అనుభవముగల మేస్త్రీని పిలువవలెను.

పని ముగిసిన పిదప పరీక్ష చేయవలెను. వస్తువును తగిలించుటకు ముందే మరమేకును చేతితో నలువైపులకు నెట్టి చూడవలెను. అది కదలరాదు. తరువాత ఒక సంచిలో బరువులు వేసి, నేలకు కొంచెము ఎత్తున ఉండునట్లు కొక్కెమునకు వ్రేలాడదీసి, మెల్లమెల్లగా వస్తువు బరువునకు రెట్టింపువరకు పెంచవలెను. ఒక రాత్రి అట్లే విడిచి, ఉదయమున చూచినపుడు చుట్టును కొత్త బీటగాని, క్రింద పొడిగాని కనబడకున్నచో పని సరిగా జరిగినదని నమ్మవచ్చును. ఆ పిమ్మటను అప్పుడప్పుడు పరిశీలించుచుండవలెను. మేకు ఊడుటకు ముందు గోడ తరచు సూచన నిచ్చును. ఊడ్చినచోటనే మరల మరల కనబడు చిటికెడు పొడియే ఆ సూచన. దానిని చూచిన దినముననే వస్తువును దింపి గోడను బాగుచేసినవారు, క్రింద కూర్చుండువారికి ఆపద రాకుండ కాపాడినవారగుదురు.